మీటరు దూరంలో పదకొండు కిలోలు

మేం ముగ్గురం కలిసి ఒక పందెం కారు తయారుచేశాం. దాన్ని నడిపిన మనిషి ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, ఈ రెండింటి మీదే అతని ఇల్లు నడిచేది. ఈ మాట ముందుగా చెప్పకపోతే తర్వాత నేను చెప్పబోయే లెక్కలకు అర్థం ఉండదు. అప్పట్లో నేను లెక్కలు మాత్రమే రాసుకున్నాను. ఈ మాట ఎక్కడా రాసుకోలేదు.

నేను వేబ్రిడ్జిలో పనిచేస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే అద్దాల గది. బండల లారీలు, పత్తి లారీలు, ఇసుక ట్రాక్టర్లు ఎక్కుతాయి, దిగుతాయి. లోడు బరువు, ఖాళీ బరువు రాసి చీటీ ఇస్తాను. ఇంటర్ తప్పిన తర్వాత చదువు లేదు గానీ, లారీకీ లారీకీ మధ్య ఖాళీలో లెక్కలు చేయడం అలవాటైంది. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని మొదలై, గేర్ల పళ్లు, బ్రేకులు, స్ప్రింగుల దాకా పోయింది. నేర్పినవాళ్లు లేరు. ఫోనులో దొరికిన కాగితాలు, సర్వీసు పుస్తకాలు, పాత నోటుబుక్కులు. ఏదైనా లెక్క పూర్తయితే తెల్లకాగితం మీద శుభ్రంగా ఎక్కించి ఎదుటివాడి చేతికి ఇస్తాను. నోటితో చెప్పిన అంకెకు విలువ లేదని నా నమ్మకం.

నా భార్య తమ్ముడు జమ్మలమడుగులో ట్రాక్టర్ మెకానిక్. చుట్టుపక్కల ఊళ్లలో ట్రాక్టరు నల్లరేగడిలో దిగబడినా, గేరుపెట్టె పగిలినా అతనికే ఫోను వస్తుంది. చేతిలో నూనె మరక లేకుండా అతన్ని పెళ్లిలో కూడా చూడలేదు. బంగారు పని చేసే అతను నా బామ్మర్దికి స్నేహితుడు. అప్పటికి ముప్పై మూడేళ్లు. నన్ను మామా అనేవాడు. నేను టన్నులు తూస్తాను, అతను మిల్లీగ్రాములు తూస్తాడు, అందుకే మా ఇద్దరికీ కుదిరిందని నా బామ్మర్ది ఎగతాళి చేసేవాడు.

అతని పని నేను చాలాసార్లు కూర్చుని చూశాను. ముక్కుపుడకల్లో, కమ్మల్లో రాళ్లు పొదిగేవాడు. ఆవగింజకన్నా చిన్న రాయిని గుంటలో కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న బంగారపు అంచును దాని మీదికి వంచాలి. కొంచెం ఎక్కువ నొక్కితే రాయి చిట్లుతుంది. తక్కువైతే నెల రోజుల్లో ఊడిపోతుంది. ఆ నొక్కుడుకు కొలత లేదు. అలాంటి పనివాళ్లు ఆ వీధిలో పదిమంది ఉంటే, వజ్రం పని వచ్చినప్పుడు నగల షావుకారు అతన్నే పిలిచేవాడు.

అలాంటివాడికి కారు పిచ్చి ఎందుకు పట్టిందో నేను అడగలేదు. రోజుకు పది గంటలు కదలకుండా కూర్చునే మనిషికి ఆదివారం ఒక రెండు నిమిషాలు గట్టిగా కదలాలనిపిస్తుందేమో. పులివెందుల బయట ప్లాట్ల కోసం చదును చేసి, తారు రోడ్లు వేసి వదిలేసిన చోటు ఒకటి ఉంది. ఇళ్లు ఇంకా లేవు. కార్ల మీద ఇష్టమున్న కొందరు ఆ రోడ్లను అడిగి తీసుకుని, ఒక్కో కారునూ ఒంటరిగా పరిగెత్తించి టైము కొలిచే పందెం పెట్టేవారు. మొత్తం పదకొండు మలుపులు. మాది పాత చిన్న కారు. సీట్లు, తలుపుల లోపలి అట్టలు, ఏసీ, పవర్ స్టీరింగ్ పంపు అన్నీ తీసేశాం. బరువు తగ్గాలి కదా.

మొదటిసారి పోయినప్పుడు బాగా వెనకబడ్డాం. మలుపులో కారు తిరుగుతుంటే లోపలి ముందు చక్రం ఉత్తినే గిర్రున తిరిగి పొగ వచ్చేది. కారు మాత్రం ముందుకు పోయేది కాదు.

కారణం తెలిసిందే. వరుసగా నిలబడి కవాతు చేసే పిల్లలు మూల తిరిగేటప్పుడు చూడండి. లోపలి పిల్లవాడు ఉన్నచోటే అడుగులు వేస్తాడు, బయటి పిల్లవాడు పరిగెత్తాలి. కారు చక్రాలదీ అదే కథ. రెండూ ఒకే వేగంతో తిరిగితే టైర్లు ఈడ్చుకుపోతాయి. అందుకని మధ్యలో డిఫరెన్షియల్ అనే గేర్ల ముడి ఉంటుంది. అది రెండు చక్రాలనూ వేరువేరు వేగాలతో తిరగనిస్తుంది, కానీ బలం మాత్రం రెండింటికీ సమానంగా పంచుతుంది. చిక్కంతా అక్కడే. మలుపులో లోపలి చక్రం మీద బరువు పడదు, అది జారుతుంది. జారే చక్రానికి ఎంత బలం అవసరమో అంతే బయటి చక్రానికీ అందుతుంది. ఈ జారుడును అదుపుచేసే డిఫరెన్షియల్ వేరే దొరుకుతుంది. దాంట్లో రెండు రకాలు. ఏది వేయాలన్నది నా పని.

ముందు బరువులు కావాలి. నా వేబ్రిడ్జి పది కిలోల మెట్ల మీద చూపిస్తుంది, ఒక్కో చక్రానికి అది పనికిరాదు. శనక్కాయల మిల్లులో బస్తాలు తూచే కాటాలు నాలుగు అడిగి వరండాలో సమానంగా పరిచి, కారును వాటి మీదికి ఎక్కించాం. బంగారపు మనిషి సీట్లో కూర్చున్నాడు, హెల్మెట్ కూడా పెట్టించాను. హమాలీలు చుట్టూ చేరారు.

"ఏందప్పా, కారును బస్తాల లెక్కన అమ్ముతాండారా?" అన్నాడు ఒక పెద్దాయన.

"తూకం సరిగ్గా జెప్పు పెద్దాయనా. మల్ల తరుగు తీసేది నేను," అన్నాడు మావాడు హెల్మెట్ లోపలినుంచి.

"నీ తరుగు మాకు తెల్సులేప్పా. మా ఆడోళ్లు కమ్మలు చేయించుకున్న్యారు గదా నీకాడ!"

అందరూ నవ్వారు. మొత్తం ఎనిమిది వందల ఎనభై కిలోలు. అందులో ముందు చక్రాల మీద అయిదు వందల అరవై. మలుపులో బయటి చక్రం మీద నాలుగు వందల ఇరవై దాకా పోతుంది, లోపలిదాని మీద నూటనలభై మిగులుతుంది. రోడ్డు ఎగుడుదిగుడుగా ఉంటే అదీ మిగలదు.

మొదటి రకం పూర్తిగా గేర్లతో చేసింది. ఏటవాలు పళ్ల గేర్లు ఒకదాన్నొకటి నొక్కుకుని, జారే చక్రానికి అందినదానికి రెండున్నర రెట్లు దాకా పట్టున్న చక్రానికి పంపుతాయి. మెత్తగా పనిచేస్తుంది. స్టీరింగును పెద్దగా లాగదు. అరుగుదల తక్కువ. కానీ లోపలి చక్రం గాల్లోకి లేస్తే దానికి అందేది సున్నా. సున్నాకు రెండున్నర రెట్లు వేసినా సున్నానే.

రెండోది ప్లేట్ల రకం. వరుసగా పేర్చిన పలుచని ప్లేట్లను స్ప్రింగు ముందే కొంత బిగించి ఉంచుతుంది. యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ బిగింపు పెరుగుతుంది. చక్రం గాల్లో ఉన్నా పనిచేస్తుంది. అయితే ముందు చక్రాలే నడిపే కారులో ఆ చక్రాలే తిప్పాలి కూడా. ఒక చక్రానికి ఎక్కువ బలం పోతే అది స్టీరింగును తన వైపు లాగుతుంది. ఆ లాగుడు నడిపేవాడి చేతిలోకి వస్తుంది.

రెండింటి ధరా దగ్గర దగ్గరే, కాబట్టి దాని గొడవ లేదు.

మూడు ఆదివారాలు పులివెందుల రోడ్ల మీద నడిచి, పదకొండు మలుపులూ టేపుతో కొలిచాను. మూడు మలుపుల్లో లోపలివైపు నీళ్లు పోవడానికి తవ్విన పల్లం ఉంది. అక్కడ లోపలి చక్రం కచ్చితంగా తేలిపోతుంది. గేర్ల రకం ఆ మూడు చోట్లా చేతులెత్తేస్తుంది. నా లెక్క ప్రకారం ప్లేట్ల రకం మొత్తం మీద సెకను పైచిలుకు ముందుంటుంది. రెండు నిమిషాల పందెంలో అది మొదటి ముగ్గురికీ, పదోవాడికీ మధ్య తేడా.

స్టీరింగ్ లాగుడు కూడా లెక్కవేశాను. గేర్ల రకానికి స్టీరింగ్ అంచు దగ్గర నాలుగు కిలోలు. ప్లేట్ల రకానికి, స్ప్రింగు ముందు బిగింపును మీటరు పట్టీ చివర వేలాడే ఆరు కిలోల బరువుకు సమానంగా పెడితే, ఆరున్నర. కాగితం తీసుకుని బంగారపు మనిషి ఇంటికి పోయాను. అతని భార్య టీ ఇచ్చి అక్కడే నిలబడింది. బడిలో టీచరు. అంకెలంటే భయపడే మనిషి కాదు.

"ఈ ఆరున్నర ఏందన్నా?" అంది.

"స్టీరింగు లాగేదిమ్మా. రెండు చేతులకు."

"అంటే ఒక్కో చేతికి మూడుంబావు. నీళ్ల బిందెంత గూడా లేదులే." కాగితం తిరిగి ఇచ్చేస్తూ అంది, "కారు యాడన్నా గుద్దుకుంటే గుద్దుకోనీ అన్నా. ఆయన చెయ్యి మాత్రం జాగర్త. ఆ చెయ్యి ల్యాకపోతే మాకేమీ లేదు."

"నేను చూసుకుంటానమ్మా," అన్నాను.

ఆ మాట నేనన్నాను.

ప్లేట్ల రకం వచ్చింది. జమ్మలమడుగు షెడ్డులో బిగించాం. ముందు బిగింపు కొలవడానికి మా దగ్గర ఖరీదైన పానా లేదు. మా పద్ధతి మాది. ఒక చక్రం నేల మీద, ఒకటి జాకీ మీద, గేరు న్యూట్రల్. గాల్లో ఉన్న చక్రం విప్పి, అది బిగుసుకునే హబ్బుకు మీటరు పొడుగు ఇనుప పట్టీ అడ్డంగా బిగించి, దాని చివర తూకపు రాళ్లు ఒక్కొక్కటే తగిలించాలి. ఎన్ని కిలోల దగ్గర హబ్బు మెల్లగా కదులుతుందో అదే బిగింపు. పట్టీ బరువులో సగం కలపాలి. అదీ కలిపాను. సరిగ్గా ఆరు వచ్చింది.

పందేనికి రెండు రోజుల ముందు, శుక్రవారం, జమ్మలమడుగు బయట బండల గనుల పక్కనున్న చదును నేలలో కారును పరీక్షించాం. గండికోట దారిలో పోయే టూరిస్టు బండ్లు ఆగి చూసి పోయాయి. మొదట నా బామ్మర్ది నడిపాడు. నాలుగు చుట్లు కొట్టి దిగి, బానెట్టు మీద అరచేత్తో కొట్టాడు.

"ఇంగా జారతాంది బావా. ఆరు సాలదు."

"సాలుతుంది. ప్లేట్లు కొత్తవి, పొద్దున్నే గదా బిగించింది. రెండు రోజులు తిరిగితే కుదురుకుంటాయి."

"ఏం కుదురుకునేది! ట్రాక్టరు దిగబడితే ఏం జేస్తాం? లాక్ పెడలు తొక్కుతాం. రెండు చక్రాలూ ఒకటైపోతాయి, బండి బయటికొస్తాది. సగం లాక్ యాడన్నా ఉంటాదా? బిగిస్తే బిగియ్యల్ల."

"ట్రాక్టరుకు నడిపేవి వెనక చక్రాలు. తిరిగేవి ముందువి. ఇది అట్ల కాదప్పా."

"నువ్వు అద్దాల రూములో కూచ్చోని జెప్తాండావు. నేను మట్టిలో నిలబడి జెప్తాండా."

బంగారపు మనిషి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతనూ నాలుగు చుట్లు తిప్పి వచ్చాడు. "కొంచెం బిగిస్తే బాగుంటాదేమో మామా," అన్నాడు. పందెం గెలవాలన్న ఆశ ముఖంలో తెలుస్తూనే ఉంది.

నేను ఒప్పుకున్నాను. నా బామ్మర్ది మధ్యాహ్నం అన్నం మానేసి డిఫరెన్షియల్ మూడుసార్లు విప్పి, పలుచని వాషర్లు మార్చి మార్చి వేసి బిగించాడు. దాంతోపాటు ఇంకో పని కూడా చేశాడు. ముందు చక్రాలకూ హబ్బులకూ మధ్య ముప్పై మిల్లీమీటర్ల మందం బిళ్లలు పెట్టి, చక్రాలను బయటికి జరిపాడు. దమ్ము చేసే ట్రాక్టరుకు చక్రాలు వెడల్పు చేస్తే పక్కకు ఒరగదు. అదే ఇక్కడా అని అతని ఉద్దేశం. మళ్లీ పట్టీ కట్టి రాళ్లు తగిలించాను. పదకొండు కిలోల దగ్గర హబ్బు కదిలింది.

నోటుబుక్కు తీసి కొత్త అంకెలతో పట్టు లెక్క మళ్లీ చేశాను. బాగుంది. టైము లెక్క చేశాను. ఇంకా బాగుంది. స్టీరింగు లాగుడు లెక్క మిగిలింది. చక్రం బయటికి జరిగితే లాగుడుకు మీట పొడుగవుతుందని నాకు తెలుసు. బిగింపు పెరిగితే అది ఒక్కసారిగా వస్తుందనీ తెలుసు. ఆ లెక్కకు అరగంట చాలు. "స్టీరింగు – చూడాలి" అని రాసి నోటుబుక్కు మూసేశాను.

ఎందుకు మూసేశానో అప్పుడు తెలియదనలేను. అంకె పెద్దదే వస్తుంది. వస్తే మళ్లీ విప్పాలి. నా బామ్మర్ది అప్పటికే మూడుసార్లు విప్పాడు, ఒళ్లంతా నూనె, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎదురుగా నిలబడి నాలుగోసారి విప్పమని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. అంతే. అంతకుమించి కారణం లేదు.

ఆదివారం చర్చికి పోకుండా పులివెందుల పోయాను. ఉదయం పదికి మా వంతు. మొదటి పరుగు నాలుగో స్థానం. నా బామ్మర్ది ఎగిరి నా భుజం మీద కొట్టాడు. "సూసినావా బావా, పదకొండు!" అన్నాడు. బంగారపు మనిషి కారు దిగి నీళ్లు తాగుతూ చేతులు విదిలించుకున్నాడు.

"ఎట్లుంది?" అన్నాను.

"శానా బాగుంది మామా. లాగుతాంది గానీ, పట్టుకోవచ్చు."

"ఎంత లాగుతాంది?"

"నీ కాగితంలో ఉన్నంతే అనుకో," అని నవ్వాడు.

అప్పుడు ఆపాల్సింది. ఆపలేదు.

రెండో పరుగులో ఏడో మలుపు దగ్గర నేను నిలబడి ఉన్నాను. అది పల్లమున్న మూడు మలుపుల్లో ఒకటి. కారు తిరుగుతుండగా లోపలి ముందు చక్రం తారు అంచు దాటి పల్లంలోకి దిగి తేలింది. బలమంతా బయటి చక్రానికి పోయింది. సరిగ్గా అప్పుడే అతను గేరు మార్చడానికి ఎడమచెయ్యి తీశాడు. స్టీరింగు మీద కుడిచెయ్యి ఒక్కటే మిగిలింది. తేలిన చక్రం మళ్లీ తారు అంచుకు తగిలి పైకొచ్చింది. స్టీరింగు గిర్రున అటూ ఇటూ తిరగడం అద్దంలోంచి నాకు కనపడింది.

కారు దేనికీ గుద్దుకోలేదు. గీత కూడా పడలేదు. మెల్లగా పోయి మట్టిలో ఆగింది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు, బాగా కాపాడుకున్నాడని. అతను మాత్రం దిగలేదు. నేను పరిగెత్తి పోయి కిటికీలోంచి చూశాను. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బొటనవేలు ఉండాల్సిన వైపు లేదు. వెనక్కి తిరిగి మణికట్టును తాకుతోంది.

"మామా, ఇది నాదేనా?" అన్నాడు. అంతే అన్నాడు.

పులివెందుల ఆసుపత్రిలో కట్టు కట్టి పెద్ద డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు. కడపలో ఆపరేషన్ చేశారు. మణికట్టులో చిన్న ఎముక విరిగింది. బొటనవేలి మొదట్లో ఎముక రెండు ముక్కలైంది. స్టీరింగు ఊచకూ తిరిగిన చేతికీ మధ్య వేలు నలిగి, దాని నరం దెబ్బతింది. ఎముకలు అతుక్కుంటాయి, నరం సంగతి ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు.

ఆసుపత్రి వసారాలో బెంచీ మీద నేనూ, నా బామ్మర్దీ కూర్చున్నాం. అతనే మొదలుపెట్టాడు.

"ఆయప్ప బొటనేలు లోపల పెట్టినాడు బావా. ఊచకు సుట్టి పట్టుకున్న్యాడు."

"అంటే?"

"ట్రాక్టరు తోలేటోడు ఎవడన్నా బొటనేలు చక్రం లోపల పెడ్తాడా? చక్రం రాయెక్కితే స్టీరింగు తంతాది. ఏలు ఇరుగుతాది. అందుకే పైనుంచే పట్టుకుంటాం." తన రెండు చేతులూ గాల్లో ఎత్తి చూపించాడు. వేళ్లన్నీ ఒకవైపే ఉన్నాయి. "నేను నాలుగు సుట్లు కొడ్తి గదా. నాకేమైంది? ఏమీ కాలా."

"ఆయనకు చెప్పినావా?"

"సెప్పేదేముంది బావా అందులో? అందరికీ తెల్సు."

"ఆయప్ప పుట్టినప్పటినుంచి ట్రాక్టరు ఎక్కలేదు. బంగారు పనిలో చిన్న పట్టకారు పట్టుకున్న చెయ్యి అది. ఏది పట్టుకున్నా బొటనవేలు చుట్టే పట్టుకుంటాడు."

అతను చేతులు దించేశాడు. ముఖం గోడకు తిప్పుకున్నాడు. జమ్మలమడుగు చుట్టూ ఏ ట్రాక్టరు డ్రైవరుకైనా ఒళ్లు చెప్పే సంగతి అది. ఎవరూ ఎవరికీ చెప్పరు, చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు గనుక. శుక్రవారం పరీక్షలో ఇద్దరూ స్టీరింగును వేరువేరుగా పట్టుకోవడం నేను చూశాను. చూసి, అది అలవాటు తేడా అనుకున్నాను.

ఆ బెంచీ మీదే ఆసుపత్రి చీటీ వెనక ఆ లెక్క చేశాను. ఇరవై నిమిషాలు పట్టింది. చక్రాల మధ్య తేడా బలం మూడు వందల యాభై కిలోలు. బిళ్లలు వేశాక లాగే దూరం తొమ్మిది సెంటీమీటర్లు. స్టీరింగు పద్నాలుగు పాళ్లు, అంటే ఆ లాగుడులో పద్నాలుగో వంతు చేతికి వస్తుంది. స్టీరింగు అంచు దాకా పదహారు సెంటీమీటర్లు. పద్నాలుగు కిలోలు వచ్చింది. అదీ మెల్లగా కాదు, దెబ్బలాగా. రెండు చేతులకు కాదు, ఒక్క చేతికి. మూడుంబావు అనుకున్న చేతికి పద్నాలుగు.

లెక్క మళ్లీ చేశాను, తప్పు ఉందేమోనని. లేదు.

ఆరు వారాలు కట్టు. తర్వాత మూడు నెలలు వేళ్లకు వ్యాయామం. మైనపు ముద్ద నొక్కడం, బియ్యంలో చెయ్యి పెట్టి తిప్పడం. నేను వారానికోసారి పోయేవాణ్ణి. అతని భార్య తలుపు తీసేది, లోపలికి రమ్మనేది, గ్లాసుతో నీళ్లు నా ముందు పెట్టి లోపలికి పోయేది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒకసారి మాత్రం నేను లేచి పోతుంటే గుమ్మం దగ్గర అడిగింది. "అన్నా, ఆరున్నర అంటివి. అది తప్పా, నేను సరిగ్గా ఇనలేదా?"

"నువ్వు సరిగ్గానే విన్నావమ్మా," అన్నాను. ఆమె తల ఊపింది. తలుపు వేసుకుంది.

ఎముకలు అతుక్కున్నాయి. పిడికిలి బిగుస్తుంది, బకెట్టు మోస్తాడు, మోటారు సైకిలు నడుపుతాడు. చూసేవాళ్లకు బాగైన చెయ్యే. అతను మళ్లీ పనిలో కూర్చున్న వారంలో మూడు రాళ్లు చిట్లాయి. రెండో నెల ఒక ముక్కుపుడక రాయి ఊడి తిరిగొచ్చింది. షావుకారు మంచివాడే. గట్టిగా ఏమీ అనలేదు. వజ్రం పని మాత్రం పక్క బల్లకు పోవడం మొదలైంది. తర్వాత రాళ్ల పని మొత్తం పోయింది.

అప్పటికి కారు జమ్మలమడుగు షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. నా బామ్మర్ది దాన్ని ముట్టుకోలేదు, అమ్మలేదు. మేమిద్దరం పండగలప్పుడు కలిసినా దాని గురించి మాట్లాడుకోం. నాకు అతని మీద కోపం లేదు. అతనికి తెలిసినదంతా అతను చేశాడు. తెలిసి చేయనిది నేను.

ఏడాది గడిచాక ఒకరోజు మధ్యాహ్నం బంగారపు మనిషి పనిచేసే దుకాణానికి పోయాను. మనసులో ఉన్నది చెప్పేయాలని పోయాను. పాత నగలు కరిగించే గదిలో ఉన్నాడు. ఇప్పుడు అదే అతని పని. మూసలో ముక్కలు వేసి గ్యాస్ మంట పెట్టి, కరిగాక అచ్చులో పోయడం. వేళ్లతో చేయాల్సిన సున్నితం ఏమీ లేదందులో. పట్టకారు పెద్దది, మూరెడు పొడుగు.

"కూచ్చో మామా. దూరంగా కూచ్చో, సెగ," అన్నాడు.

మంట తగ్గేదాకా ఆగి చెప్పాను. "శుక్రవారం బిగింపు మార్చినంక స్టీరింగు లెక్క నేను మళ్లీ చేయలేదు. చెయ్యాలని తెలుసు. చేయలేదు. తర్వాత చేస్తే పద్నాలుగు వచ్చింది."

అతను అచ్చు మీది నుంచి చూపు తిప్పలేదు.

"తెలుసు మామా."

"ఎట్ల తెలుసు?"

"ఎప్పుడు లెక్క జేసినా కాగితం సేతికిస్తావు. ఆ పొద్దు ఇయ్యలా. అప్పుడే అనుకుంటి, మామ ఇది సూడలేదని."

"అట్లయితే అడగొచ్చు గదా?"

"అడిగింటే నువ్వు జేసేటోడివి. మల్ల ఇప్పేటోళ్లు. ఆదివారం పోతాండె." మూసను పక్కన పెట్టాడు. "నాకు పోవల్లని ఉండె మామా. నువ్వు సూడలేదని తెల్సీ పోయినా. మా ఇంట్లో ఈ మాట చెప్పలా. నువ్వూ చెప్పగాకు."

"చెప్పకపోతే ఆమెకు నా మీద..."

"నీ మీదనే ఉండనీ కోపం. నా మీదికొస్తే ఇల్లు గడవదు."

సరేనన్నాను. అతను అడిగినది న్యాయంగానే తోచింది. ఆ గుమ్మంలో ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఇంక నేను ఎప్పటికీ చెప్పలేను.

ఇంతలో, పక్క బల్ల పనివాడు లేని సమయంలో, ఒక ముసలామె లోపలికి వచ్చింది. దువ్వూరు వైపు నుంచి వచ్చినట్టుంది, చేతిలో బస్సు టిక్కెట్టు ఇంకా ఉంది. కొంగు ముడి విప్పి చిన్న కమ్మ తీసింది. రాయి ఊడి వేరుగా ఉంది. "నాయనా, నువ్వే చేసిచ్చింటివి. ఎనిమిదేండ్లు గట్టిగ ఉండె. మల్ల నువ్వే పెట్టీ," అంది.

అతను ఎడమ అరచెయ్యి చాపాడు. ఆమె రాయిని అందులో వేసింది. కుడి బొటనవేలూ చూపుడువేలూ కలిపి రాయిని తీసుకోబోయాడు. వేళ్లు కలిశాయి. రాయి అరచేతిలోనే ఉంది. మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి రాయి వేళ్ల మధ్యకు వచ్చింది గానీ అతనికి ఆ సంగతి తెలియలేదు. ఇంకా అరచేతిలో వెతుకుతున్నాడు.

నేను చెప్పకుండా ఉండలేకపోయాను. "వేళ్లలోనే ఉందప్పా."

అతను వేళ్లు కంటి దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"సెగ తెలుస్తాది మామా, రాయి తెలీదు," అన్నాడు. ముసలామె వైపు తిరిగి, "అవ్వా, పక్కాయప్ప టీకి పోయినాడు. వస్తాడు, ఆయప్ప పెడ్తాడు. కూచ్చో," అన్నాడు.

"నువ్వే చేసింటివి గదా నాయనా. నువ్వు పెడితే ఏం?"

అతను రాయిని ఆమె అరచేతిలో పెట్టి, జారిపోకుండా ఆమె వేళ్లు తనే ముడిచి, మళ్లీ మంట దగ్గరికి పోయాడు.